రంజాన్ పగటి భోజనం

రంజాన్ నెలలో కుట్టిచిర ఇళ్లల్లో పగలు వంటగది పడుకుంటుంది. ఎండ వాలాక ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి, పత్తిరి రొట్టెల బియ్యప్పిండికి నీళ్లు మరగబెట్టేదాకా అక్కడ పిల్లులు తప్ప ఎవరూ ఉండరు. ఆ ఏడాది మాత్రం ఆ పెద్ద ఇంటి వెనక వంటగదిలో పొద్దున్నే ఒక పొయ్యి వెలిగేది. కొబ్బరిపాలు, చేపల పులుసు వాసన వసారా దాటి లోపలికి వస్తుంటే, ఉపవాసం ఉన్నవాళ్లు ఏమీ అనకుండా తమ గది తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్లు.

ఆ పొయ్యి నౌరిన్ కోసం. ఆమెకి పందొమ్మిదేళ్లు. క్రిస్మస్ సెలవులకి ముందు ఆసుపత్రిలో చేరి, నెలవంక కనపడటానికి కొద్ది రోజుల ముందే ఇంటికి వచ్చింది. ఆమెకి తిండే మందు. వేళ తప్పకుండా రోజుకు ఆరుసార్లు పడాలి. ఎదురుగా ఒకరు కూర్చోవాలి. ఆమె తినేదే వాళ్లూ తినాలి. తిండి ఊసు తప్ప వేరే ఏదైనా మాట్లాడాలి. తిన్నాక కాసేపటివరకు ఆమెను ఒంటరిగా వదలకూడదు. వార్డులో ఈ పని లిస్సీ సిస్టర్ చేసేది. "చేతులు బల్ల మీద పెట్టు, మోళే," అనేది మొదట్లో, సొంత కూతుర్ని పిలిచినట్టు. కొన్నాళ్ల తర్వాత ఆ మాట మానేసి, "తలెత్తు. పళ్లెంలోకి చూస్తే నీకెవరు కనపడతారు?" అనడం మొదలుపెట్టింది.

నౌరిన్ జబ్బు కూడా ఒక రంజాన్‌లోనే మొదలైంది, అంతకు ముందటి ఏడు. అందరూ నెలంతా ఉపవాసం ఉండి పండగ చేసుకుని ఆపేశారు. ఆమె ఆపలేదు. పండగ తర్వాత ఆరు రోజుల ఉపవాసం పుణ్యమంది. అవి అయ్యాక సోమవారాలూ గురువారాలూ అంది. సోమవారం మంగళవారంలోకి, గురువారం శుక్రవారంలోకి జారాయి. ఇంకో ఊళ్లో అయితే కన్నవాళ్లు భయపడి ఉందురు. కుట్టిచిరలో మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఉమ్మమ్మ, వాళ్లమ్మకి అమ్మ. చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ, "ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి నేనెక్కడా చూడలేదు," అని చెప్పింది. నౌరిన్ కాలేజీ మెట్ల మీద పడిపోయి, పుల్లల్లాంటి చేతుల్లోకి సూది ఎక్కించడానికి నర్సు నరం వెతుక్కుంటున్నప్పుడు కూడా, "మరీ అన్ని నోంబులు పట్టేసింది పాపం," అని ఉపవాసాల మాటే అంటూ ఉంది.

ఆసుపత్రి నుంచి పంపించే ముందు డాక్టర్ జయశ్రీ అడిగింది. "ఇంట్లో పగలు తినేవాళ్లెవరున్నారు?"

నౌరిన్ తల్లి నేలచూపులు చూసింది. "ఈ నెలలోనా డాక్టర్? చిన్నపిల్లలు తప్ప ఎవరూ..."

"పిల్లలు కాదు, పెద్దవాళ్లు కావాలి. ఎవరూ లేకపోతే ఈ నెల కూడా ఇక్కడే ఉంచుదాం. బరువు తగ్గితే ఎలాగూ మళ్లీ చేర్చుకోవాలి."

నౌరిన్ తల అడ్డంగా ఊపింది. వార్డు అంటే గడియ లేని స్నానాలగది, తలుపు బయటే నిలబడి పేరు పిలుస్తూ ఉండే మనిషి, రాత్రంతా ఆరని దీపం. ఇంట్లో పడుకోవాలని, సొంత దుప్పటి కప్పుకోవాలని ఉందామెకి.

అప్పుడు మూలన కూర్చున్న ఉమ్మమ్మ గొంతు సవరించుకుంది. "నేను లేనూ? నాకు షుగరు కదా. నోంబు వద్దని మీ పెద్ద డాక్టరు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాడు. వినలేదని వచ్చినప్పుడల్లా కసురుతున్నాడు. ఈ ఏడు వింటాను. నేనూ తింటా, నా మనవరాలూ తింటుంది."

"నిజంగానా, ఉమ్మా?" అంది నౌరిన్ తల్లి, తన తల్లిని తేరిపార చూస్తూ.

"జబ్బు ఇచ్చినవాడే జబ్బుపడ్డవాళ్లకి నోంబు మాఫీ చేశాడు. వద్దనడానికి నేనెవర్ని?"

ఉమ్మమ్మ సంగతి అందరికీ తెలుసు. పాలపళ్లు ఊడకముందే మొదలుపెట్టిన ఉపవాసాలు. బాలింతగా ఉన్నప్పుడు పోయినవి కూడా తర్వాత చలికాలపు పగళ్లు చూసుకుని తీర్చేసింది. అలాంటి మనిషి ఇప్పుడు మనవరాలి కోసం ఉపవాసం వదులుకుంది. ఆటోలో ఇంటికి వస్తూ నౌరిన్ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఉమ్మమ్మ తన తలగుడ్డ కొసతో మనవరాలి ముక్కు తుడిచి, "ఇంత చిన్నదానికేనా," అంది.

నెల మొదలైంది. పొద్దున ఒకసారి, ఎండ ఎక్కాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇద్దరూ వెనక వంటగది బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. రెండు పింగాణీ పళ్లేలు, రెండింట్లోనూ ఒకటే. నౌరిన్ తల్లి రుఖియా వడ్డించి, తను ఉపవాసం కాబట్టి ఆ వాసన భరించలేక పక్క గదిలోకి వెళ్లిపోయేది. సాయంత్రం మసీదు బాంగు వినపడ్డాక ఇంటిల్లిపాది మధ్య కూర్చుని తినడం నౌరిన్‌కి మరీ కష్టం. ఆ సందడిలో ఆమె పళ్లెం వైపు ఎవరూ చూడనట్టు నటించేవాళ్లు. పగటి భోజనమే నయం. అక్కడ ఉమ్మమ్మ ఒక్కతే ఉండేది.

ఉమ్మమ్మ మాటలకి అంతుండేది కాదు. కొత్తల్లుడిగా వచ్చిన తాతయ్య మొదటి వారమే మెట్ల చీకట్లో దారి తప్పి పెద్దత్త గది తలుపు కొట్టిన కథ చెప్పేది. పక్కింటి కుంజాలి తన మేకకి పెళ్లివారి బిరియానీ పెట్టి డాక్టర్ని పిలిపించిన కథ చెప్పేది. నౌరిన్ చెవులు అటుంచి, కళ్లు పళ్లెంలోనే ఉంచి, ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకునేది. తిన్నదంతా ఒంటికి మట్టిలా పూసినట్టు ఉండేది. అప్పుడు, ఉమ్మమ్మ తన కోసం వదిలేసింది, అనుకునేది. ఆ ఆలోచన పట్టుకుని మింగేది. డాక్టర్ చెప్పిన మాటలేవీ అంత పని చేయలేదు.

ఇంట్లో అందరికీ ఇది నచ్చిందని కాదు. ఒకరోజు పిన్ని జీనత్ గుమ్మంలో ఆగి, ముక్కు మీద కొంగు పెట్టుకుని అంది. "ఇంట్లో ఇద్దరు సుల్తానాలు. మేమంతా గుక్కెడు నీళ్లకి ముఖం వాచి ఉంటే మీకు రోజుకి ఆరు విందులు."

"నువ్వూ రా, మూడో పళ్లెం పెట్టిస్తా," అంది ఉమ్మమ్మ. "పైవాడికి లెక్క మాత్రం నువ్వే చెప్పుకో."

"నాకెందుకమ్మా. నేను ఆరోగ్యంగా పుట్టాను."

"నోరు కూడా ఆరోగ్యంగానే పుట్టింది. దానికీ కాస్త నోంబు పట్టు."

నౌరిన్ నవ్వింది. నవ్వుతూ ఇంకో ముక్క మింగిన సంగతి తర్వాత గాని గమనించలేదు.

చుట్టాలు ఎవరైనా పగలు వస్తే రుఖియా గొంతు తగ్గించి, "పిల్లకి ఆ నాలుగు రోజులు," అనేది. మొదటి వారం ఒకరికి, రెండో వారం ఇంకొకరికి అదే చెప్పింది. కుట్టిచిరలో కబుర్లు ఒక వసారా నుంచి ఇంకో వసారాకి నడవవు, పరిగెడతాయి. అయినా ఎవరూ తిరిగి అడగలేదు.

ఆసుపత్రిలో వారానికోసారి తూచేవాళ్లు. అంకె ఆమెకి కనపడకుండా వీపు తిప్పి నిలబెట్టేవాళ్లు. మొదటి వారం డాక్టర్ తల ఊపింది. రెండో వారం నవ్వింది. "ఇప్పుడు భోజనం దగ్గర ఎదుటివాళ్ల ముఖం చూడగలుగుతున్నావా?" అని అడిగింది. లేదంది నౌరిన్. "ప్రయత్నించు. ఉమ్మమ్మ ముఖమేగా."

ప్రయత్నించింది. మొదటిరోజు ఉమ్మమ్మ గడ్డం దాకా చూడగలిగింది. మర్నాడు పెదవులు చూసింది. అవి పాలిపోయి, ఎండి, అంచుల్లో పగిలి ఉన్నాయి. ఉమ్మమ్మ పెదవులు ఎప్పుడూ అలా ఉండవు. ప్రతి భోజనం తర్వాతా ఆమె తమలపాకుల పెట్టె ముందేసుకుని తీరిగ్గా ఆకుకి సున్నం రాస్తుంది. రంజాన్‌లో ఆ పెట్టె తెరుచుకునేది బాంగు తర్వాతే. కానీ ఈ ఏడు పగలు భోజనం చేస్తోంది కదా.

"ఆకు వేసుకోలేదే ఉమ్మమ్మా?"

"పళ్లు నొప్పి, మోళే."

ఆ పగలే నౌరిన్ పూర్తిగా తలెత్తింది. ఉమ్మమ్మ చేతులు చూసింది. పత్తిరి చిన్న చిన్న ముక్కలుగా తుంచి ఉంది. ముక్కలు పులుసులో మునిగి, పళ్లెం అంచు చుట్టూ తిరుగుతున్నాయి. చెయ్యి నోటి దాకా వెళ్తోంది, మాట అడ్డొచ్చినట్టు ఆగుతోంది, మాటతో పాటు కిందికి, తెల్లటి ముండు పంచె మడతలున్న ఒడిలోకి దిగుతోంది. టీ గ్లాసు పెదాలకి తగులుతోంది గాని గ్లాసులో టీ తగ్గడం లేదు. ముసలామె మధ్యలో తాతయ్య గురించి ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ నవ్వు ఎందుకో నౌరిన్‌కి తెలుసు. ఎదుటివాళ్లు ముఖం చూస్తే చేతులు చూడరు. ఈ విద్య ఈ ఇంట్లో తనొక్కదానికే వచ్చనుకుంది.

భోజనం అయ్యాక ఉమ్మమ్మ ఒడి పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. పిల్లులు తోకలెత్తి ఆమె వెనకే నడిచాయి. ఈ రంజాన్‌కి అవి బాగా బలిశాయి.

మర్నాడు మధ్యాహ్నం రుఖియా వడ్డించి వెళ్లేదాకా నౌరిన్ మాట్లాడలేదు. ఉమ్మమ్మ బిస్మిల్లా అని చెయ్యి పెట్టి, "ఆ కుంజాలి మేక ఉంది చూశావూ," అని మొదలుపెట్టింది.

"చేతులు బల్ల మీద పెట్టండి, ఉమ్మమ్మా."

ఉమ్మమ్మ చెయ్యి ఆగింది. వేడి పులుసు మీద పల్చటి పొర కట్టింది.

"ఎన్నాళ్లనుంచి?" అంది నౌరిన్.

"మొదటి రోజు నుంచి."

"ఒక్కరోజు కూడా తినలేదా?"

"తినలేకపోయాను, మోళే. ముద్ద నోటి దాకా తెచ్చుకున్నా. డెబ్భై ఏళ్లుగా ఈ వేళప్పుడు నోట్లోకి ఏదీ పోలేదు. చెయ్యి రాలేదు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే తినేదానివా?"

తినేది కాదు. ఇద్దరికీ తెలుసు.

"మిమ్మల్ని నమ్ముకుని మింగాను నేను," అంది నౌరిన్ చివరికి. "ఒక్కో ముద్దా. నా కోసం ఉమ్మమ్మ నోంబు వదిలేసింది, నేనీ మాత్రం మింగలేనా, అనుకుని."

"మింగావు కదా. అదే కావాలి నాకు."

"మోసం చేసి."

ముసలామె ముఖంలోకి అప్పుడు కోపం వచ్చింది. ఆమెకి నౌరిన్ మీద కోపం రావడం అదే మొదటిసారి. "నువ్వు చెప్పకు మోసం మాట. పోయినేడు నోంబు నోంబు అంటూ నా ముందు తిరిగింది ఎవరు? నీ నోంబు చూసి మురిసిపోయాను. ఇంటింటికీ చెప్పుకున్నాను. నా పేరు నిలబెట్టే పిల్ల ఒకత్తి పుట్టిందని నమాజులో ఏడ్చాను. తీరా చూస్తే అది అల్లా కోసం కాదు, అద్దం కోసం. నాకెలా ఉండి ఉంటుందో ఎప్పుడైనా అడిగావా?"

నౌరిన్ లేచి నిలబడింది. "సూది? ఉమ్మ పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసి పోతుంది కదా, మీరు తింటారని. ఆ సూది వేయించుకుని ఏమీ తినకుండా ఉంటున్నారా?"

"నా సంగతి నాకు తెలుసు. చెమట పడితే కాసేపు పడుకుంటా."

ఆ పగలు రెండు పళ్లేలూ పిల్లులకే పోయాయి.

తర్వాతి రోజులు ఇంతకు ముందులాగే గడిచాయి, పైకి. రుఖియా వడ్డించేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. కథలు మాత్రం లేవు. ఉమ్మమ్మ నౌరిన్ చేతులు చూసేది. నౌరిన్ ఉమ్మమ్మ చేతులు చూసేది. ఒకరు ఏం చేస్తున్నారో ఇంకొకరికి తెలుసు. తను నోరు తెరిస్తే ఎదుటిదీ తెరుస్తుందని కూడా తెలుసు. కాసేపటికి రుఖియా వచ్చి రెండు ఖాళీ పళ్లేలు చూసి, "అల్హమ్దులిల్లా," అని తీసుకుపోయేది.

నౌరిన్‌కి లోపల పాత నిశ్శబ్దం తిరిగొచ్చింది. ఆకలి మొదట కొరికి, ఆ తర్వాత చల్లటి గుడ్డలా తల మీద పరుచుకునే నిశ్శబ్దం. దాన్ని ఆమె తనకు ఎప్పుడూ ద్రోహం చేయని ఒకే ఒక్క నేస్తంలా ఆహ్వానించింది. రాత్రి పక్క మీద పడుకుని తన మణికట్టు చుట్టూ వేళ్లు పోనిచ్చి చూసుకుంటుంటే, వార్డులో ఆరని దీపం గుర్తొచ్చింది. అక్కడికి మళ్లీ పోవాల్సి వస్తుందని తెలుసు. తెలిసీ, దానికి ఎవరి పేరు చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది.

ఆ వారం ఆసుపత్రిలో వీపు తిప్పి నిలబడినప్పుడు నర్సు రెండోసారి తూచింది. ఆ రెండోసారికే నౌరిన్‌కి అర్థమైంది. డాక్టర్ జయశ్రీ కాగితం పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏం జరుగుతోంది?"

"తింటూనే ఉంది డాక్టర్," అంది రుఖియా. "నా చేత్తో వడ్డిస్తున్నా. ఖాళీ పళ్లేలు నా చేత్తోనే తీస్తున్నా. ఉమ్మ ఎదురుగానే ఉంటుంది."

డాక్టర్ ఉమ్మమ్మ వైపు చూసింది. ఉమ్మమ్మ తలగుడ్డ సర్దుకుంది. ఆమె పై పెదవి మీద చెమట చుక్కలు ఉన్నాయి. ఆ గదిలో ఫ్యాను గట్టిగానే తిరుగుతోంది.

"తినట్లేదు," అంది ఉమ్మమ్మ. "గుడ్డలో వేసుకుని పెరట్లో పారేస్తోంది. నేను చూశాను."

రుఖియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నౌరిన్ ఉమ్మమ్మనే చూస్తూ ఉండిపోయింది. మనవరాలి సంగతి చెప్పి ఆమె ఆగింది. సొంత సంగతి చెప్పలేదు. ఇంకా చెప్తుందేమోనని నౌరిన్ ఎదురుచూసింది. ఉమ్మమ్మ కిటికీలోంచి బయట ఆసుపత్రి గోడ చూస్తోంది. ఆ పెదవులు ఇంక కదలవని అర్థమైంది.

"ఎప్పట్నుంచి నౌరిన్?" అంది డాక్టర్.

చెప్పాలా వద్దా అని అప్పటిదాకా ఆలోచిస్తున్నాననుకుంది. నోరు తెరిచాక గాని తెలియలేదు, ఆలోచన ఎప్పుడో అయిపోయిందని. "ఉమ్మమ్మ కూడా తినట్లేదు. మొదటి రోజు నుంచీ. ఇన్సులిన్ వేయించుకుని."

డాక్టర్ లేచి వచ్చి ఉమ్మమ్మ చెయ్యి పట్టుకుంది, నాడి చూసింది, తలుపు తీసి ఎవరినో గ్లూకోజు నీళ్లు తెమ్మంది. ఉమ్మమ్మ ఆ గ్లాసు వైపు చూసింది, తర్వాత మనవరాలి వైపు చూసింది. కిందటేడు చుట్టాల ముందు తనని చూసి మురిసిన ఆ కళ్లలో ఇప్పుడున్నది, నమ్మినవాళ్లే పట్టిచ్చారన్న బాధ, నౌరిన్‌కి కొత్త కాదు. తన కళ్లల్లోనూ అదే ఉంది.

"తాగండి, ఉమ్మా," అంది రుఖియా. ఏడుస్తోంది. "నా చేత్తో సూది వేశానే మీకు. రోజూ. తాగండి."

ఉమ్మమ్మ తాగింది. పట్టపగలు, రంజాన్ నెలలో, అందరి ఎదుటా. గ్లాసు కింద పెట్టి, తలగుడ్డ కొసతో పెదవులు తుడుచుకుంది.

డాక్టర్ ఇంకో వారం గడువిచ్చింది. అప్పటికి మారకపోతే నౌరిన్‌కి వార్డు, ఉమ్మమ్మకి కింది అంతస్తులో షుగరు రోగుల వార్డు. నెల చివర్లోనైనా, పండగ ముందైనా, మాటకి తిరుగుండదంది. ఆటోలో ఉమ్మమ్మ ఒక పక్కన, నౌరిన్ ఇంకో పక్కన. మధ్యలో రుఖియా కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం రుఖియా వడ్డించి పక్క గదిలోకి వెళ్లలేదు. స్టూలు లాక్కుని బల్ల చివర కూర్చుంది. ఉదయం నుంచి గుక్క నీళ్లు తాగని ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. వాసనకి ఒక్కసారి కళ్లు మూసుకుంది, మళ్లీ తెరిచింది.

"మొదలెట్టండి," అంది, ఎవర్నని లేకుండా.

ఎవరూ మొదలెట్టలేదు. గుమ్మంలో జీనత్ వచ్చి నిలబడింది. ఏదో అనబోయి, బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూసి వెనక్కి వెళ్లిపోయింది.

"నువ్వు తిను," అంది ఉమ్మమ్మ, గోడ వైపు చూస్తూ. "తినకపోతే వార్డులో పడేస్తారు."

"మీరు తినండి. లేకపోతే నాకంటే ముందు మిమ్మల్నే పడేస్తారు."

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు," అంది నౌరిన్.

ముసలామె ముఖం తిప్పి ఆ రోజు మొదటిసారి ఆమెని సూటిగా చూసింది. "నాకూ లేదు," అంది.

తర్వాత పత్తిరి తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుంది. నమలడం మొదలుపెట్టేటప్పటికి ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారి చెంపల ముడతల్లో ఆగాయి. ఆమె తుడుచుకోలేదు. నౌరిన్ ఆ గొంతు మీదే కళ్లు పెట్టి ఉంచింది. సన్నని గొంతు, దాని మీద వదులుగా వేలాడే చర్మం. మింగింది నిజమని ఆ చర్మం కదిలి చూపించేదాకా ఆగింది. అప్పుడు తన ముద్ద తీసుకుంది.